రాజీనామా చేసి చూడు, పడవ కొని చూడు

"ఉద్యోగం మానేసి సముద్రం మీద బతుకుతున్నాం" అని చెప్పే వీడియోలన్నీ ఒకే అచ్చులో పోసినవి. ముందు ఎండకు కమిలిన భుజాలు, తర్వాత గాలికి పొంగిన తెల్ల తెరచాప, ఆ తర్వాత అడుగున ఇసుక కనిపించేంత తేట నీళ్లు. అప్పుడు కథానాయకుడు కెమెరా వైపు తిరిగి, కాస్త జాలిగా, "కొన్నేళ్ల కిందట నేనూ మీలాగే ఆఫీసులో కూర్చునేవాణ్ణి" అంటాడు. చూస్తున్నవాడు మాదాపూర్‌లో ఉంటాడు. లంచ్ టైములో, చల్లారిపోయిన పులిహోర డబ్బా ముందు. ఆ జాలికి ముద్ద గొంతులో అడ్డం పడుతుంది. సాయంత్రానికల్లా రాజీనామా ఉత్తరం ఎలా రాయాలో ఫోనులో వెతకడం మొదలుపెడతాడు.

ఆ ఉత్తరం పూర్తయ్యేలోపు నా మాట కూడా కాస్త వినమని మనవి. నాకు సముద్రం మీద కోపం లేదు. తెరచాప మీద అసలే లేదు. నా పేచీ అంతా ఆ పడవ మీద కూర్చుని చెప్పే ప్రవచనంతో. ఉద్యోగం సంకెల అట, సముద్రం మోక్షం అట. ధైర్యం ఉన్నవాడు తెంచుకుని పోతాడట, లేనివాడు ఒకటో తారీఖు కోసం ఎదురుచూస్తాడట. వట్టి మాట. పడవ ఎక్కినవాడు ఉద్యోగం మానలేదు, ట్రాన్స్‌ఫర్ చేయించుకున్నాడు. అదీ జీతం లేని పోస్టుకు, పైఅధికారులు ఎక్కువున్న శాఖకు.

ముందు డబ్బు సంగతి చూద్దాం. ఈ ప్రవచనాల్లో డబ్బు ప్రస్తావన పెళ్లిలో కట్నం లాంటిది. ఉండటం ఉంటుంది, పైకి వినపడదు. "ఉన్నదంతా అమ్మేసి బయల్దేరాం" అంటారు. అమ్మాలంటే ముందు ఉండాలి కదా. ఆ ఉన్నది ఎక్కడిది? ఇప్పుడు తిడుతున్న అదే ఆఫీసులో, అదే మేనేజరు కింద, అదే కుర్చీలో ఏళ్ల తరబడి కూర్చుంటే వచ్చింది. సన్యాసానికి పెట్టుబడి పెట్టింది సంసారమే. మరికొందరు ఇంకా తెలివైనవాళ్లు, ఇల్లు అమ్మరు, అద్దెకిస్తారు. అంటే ఈయన కరీబియన్ దీవుల్లో స్వేచ్ఛగా తిరగాలంటే ఎవడో ఒకడు రోజూ తొమ్మిదింటికి ఆఫీసుకెళ్లి, నెల తిరక్కుండా అద్దె కట్టాలి. రేపు ఆ అద్దెకున్నవాడు కూడా ఇదే వీడియో చూసి రాజీనామా పడేస్తే ఈయన పడవ ఏ రేవులో ఆగిపోతుందో ఆలోచించండి. ఆ ఎపిసోడ్ మటుకు ఎవరూ తీయరు.

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్న పెద్దలు పడవ కొనలేదు, అందుకే రెండింటితో ఆగిపోయారు. ఇల్లు ఒకసారి కట్టాక కొన్నాళ్లు నోరు మూసుకుని ఉంటుంది. పడవ ఉండదు. పడవ ధరలో పదో వంతు ఏటా దాని పోషణకే పోతుందని పడవలవాళ్లు చెప్పుకునే మోటు లెక్క. అరకోటి పెట్టి కొంటే ఏడాదికి అయిదు లక్షలు. ఉప్పునీరు ఇనుమునే కాదు, స్టెయిన్‌లెస్ అని పేరు పెట్టుకున్నదాన్ని కూడా తింటుంది. తెరచాపను ఎండ తింటుంది. పడవ అడుగున గుల్లలు పట్టి దాని వేగాన్ని తింటాయి. అవి పట్టకుండా ప్రత్యేకంగా ఒక రంగు వేయాలి. అది కొన్నాళ్లకు అరిగిపోతే పడవను క్రేనుతో ఒడ్డుకెత్తి, గీకి, మళ్లీ వేయాలి. తెరచాప స్తంభాన్ని పట్టి ఉంచే ఉక్కు తీగలు కంటికి నిక్షేపంగా ఉన్నా, పదేళ్లు దాటాయా, మారిస్తే తప్ప బీమా ఇవ్వమని చాలా కంపెనీలు మొండికేస్తాయి. అయ్యవారు ఏం చేస్తున్నారంటే నిన్న బిగించింది ఇవాళ విప్పుతున్నారు.

వీడియోలో సూర్యాస్తమయం నాలుగు నిమిషాలుంటుంది, మరుగుదొడ్డి నాలుగు సెకన్లు కూడా ఉండదు. కాబట్టి ఆ సంగతి నేను చెబుతాను. చాలా పడవల్లో దొడ్డిని సముద్రపు నీళ్లతోనే కడుగుతారు, చేత్తో పంపు కొట్టి. మూత్రం, ఉప్పునీరు కలిసినచోట సున్నంలాంటి పదార్థం తయారై గొట్టం లోపలి గోడలకు పట్టుకుంటుంది. నెలలు గడిచేకొద్దీ గొట్టం ఇరుకవుతూ వస్తుంది. ఒకనాడు, సాధారణంగా అతిథులు వచ్చిననాడు, పంపు కిందికి దిగనంటుంది. అప్పుడు మన మాజీ వైస్ ప్రెసిడెంటుగారు మోకాళ్ల మీద కూర్చుని, సింకు కింది అరలో తల దూర్చి, నోట్లో టార్చిలైటు కరచుకుని, తుప్పుపట్టిన క్లిప్పుతో కుస్తీ పడతారు. పడవ అటూ ఇటూ ఊగుతూనే ఉంటుంది. గొట్టం ఊడి వస్తుంది, అందులో ఉన్నది కూడా వస్తుంది. ఆ గొట్టాన్ని ఒడ్డుకు మోసుకెళ్లి, కాంక్రీటు గట్టుకేసి చాకిరేవులో బట్ట బాదినట్టు బాదితే సున్నం పెళ్లలు రాలుతాయి. ఆఫీసులో బాత్రూం చెడితే ఈయన ఒక మెయిలు పెట్టి ఊరుకునేవారు. ఆ మెయిలును ఆయన బానిసత్వం అన్నారు.

రాత్రుళ్ల సంగతి ఇంకా ముచ్చటగా ఉంటుంది. మన సాఫ్ట్‌వేర్ సోదరుడు ఉద్యోగం మానడానికి చెప్పిన మొదటి కారణం ఆన్‌కాల్. అర్ధరాత్రి ఫోను మోగడం, లేచి ల్యాప్‌టాప్ తెరవడం, ఎక్కడో సర్వరు పడిపోవడం. ఇప్పుడు ఆ బాధ లేదు. ఇప్పుడు అర్ధరాత్రి లంగరు అలారం మోగుతుంది. గాలి దిశ మారింది, లంగరు ఇసుకలో పట్టు వదిలింది, పడవ మెల్లగా పక్క పడవ మీదికో, వెనకున్న రాళ్ల మీదికో జరుగుతోంది. బనీనుతో వానలోకి ఉరకాలి. సర్వరు పడితే ఇంకో ఊళ్లో ఇంకొకడు లేపుతాడు. లంగరు జారితే టీములో ఇద్దరే ఉంటారు, ఒకరు నిద్రలోంచి లేవలేదు. నడిసముద్రంలో ఆ నిద్ర కూడా ఉండదు. ఎవరో ఒకరు మెలకువగా కాపలా ఉండాలి గనక మూడేసి గంటల షిఫ్టులు. కెనరీ దీవుల నుంచి కరీబియన్‌కు సుమారు 2,700 నాటికల్ మైళ్లు, మామూలు పడవకు ఇంచుమించు మూడు వారాలు. వేగం గంటకు తొమ్మిది పది కిలోమీటర్లు. మా ఊళ్లో పాలవాడి సైకిలు దీనికంటే తొందరగా వెళ్తుంది, ఇంటింటికీ ఆగుతూ కూడా.

పైఅధికారులు ఎక్కువ అన్నాను. లెక్కపెడదాం. మొదటివాడు బీమా కంపెనీ. అట్లాంటిక్‌లో జూన్ 1 నుంచి నవంబరు 30 దాకా తుపాన్ల కాలం. ఆ ఆరు నెలలూ పడవ ఫలానా అక్షాంశాల మధ్య ఉండకూడదని పాలసీలో రాసుకుంటారు. స్వేచ్ఛాజీవి ఎప్పుడు ఎక్కడ ఉండాలో ఒక గుమాస్తా నిర్ణయిస్తాడన్నమాట. తుపాన్లు అంత దక్షిణానికి తక్కువగా వస్తాయని గ్రెనడా వైపు పడవలు చేరుతుంటాయి. 2024 జులై 1న బెరిల్ తుపాను సరిగ్గా అక్కడి కారియకూ దీవి మీదే తీరం దాటింది. దాక్కున్న పడవలు దాక్కున్నచోటే ముక్కలయ్యాయి. సరే, అట్లాంటిక్‌కు ఇవతలి వైపే ఉందామంటే, స్పెయిన్, పోర్చుగల్ తీరంలో 2020 నుంచి ఓర్కా తిమింగలాలు తెరచాప పడవల చుక్కానులు విరగ్గొడుతున్నాయి. కొన్ని పడవలు మునిగాయి కూడా. మేనేజరు ఎంత దుర్మార్గుడైనా కుర్చీ కాళ్లు విరగ్గొట్టడు.

రెండో అధికారి ఇమిగ్రేషన్. యూరప్‌లో షెంగెన్ దేశాల్లో బయటి మనిషి 180 రోజుల్లో 90 రోజులకు మించి ఉండకూడదు. అదే మనిషి పడవను మాత్రం, అది యూరోపియన్ యూనియన్ బయటిదైతే, పన్ను కట్టకుండా 18 నెలలు ఉంచుకోనిస్తారు. పడవకు ఏడాదిన్నర, దాని యజమానికి మూడు నెలలు. సరిహద్దులు లేని జీవితం అని పాడుకునేవాళ్లు ఈ చరణం మింగేస్తారు. ఇదంతా ఏ విమానాశ్రయంలోనైనా నవ్వుతూ ముద్ర వేయించుకునే పాస్‌పోర్టులవాళ్ల గోడు. మన ముదురు నీలం పాస్‌పోర్టుతో అయితే ప్రతి పెద్ద రేవుకూ ముందే దరఖాస్తు, బ్యాంకు స్టేట్‌మెంటు, చివరి మూడు నెలల పేస్లిప్పులు. పేస్లిప్పు ఎక్కడిది? మానేశారుగా!

మూడో అధికారి అందరికంటే కర్కోటకుడు. యూట్యూబ్ అల్గారిథం. జీతం పోయింది గనక వీడియోలు, వాటికి చందాదారులు. వారానికొకటి పెట్టకపోతే జనం మరిచిపోతారు. పెట్టాలంటే ఏదో ఒకటి జరగాలి. సముద్రం ప్రశాంతంగా ఉన్న వారం నష్టాల వారం. అందుకే ఇంజిను ఆగినా, తెరచాప చిరిగినా ముందు కెమెరా వెతుక్కుని తర్వాత పనిముట్లు వెతుక్కుంటారు. నోరు తెరిచి, కళ్లు పెద్దవి చేసి ఒక బొమ్మ, దాని మీద "దాదాపు ప్రాణాలు పోయాయి" అని ఎర్ర అక్షరాలు. నడిసముద్రంలో నక్షత్రాల కింద కూర్చుని ఈయన చేసేది ఎడిటింగ్. ఆఫీసులో అప్రైజల్ ఏడాదికొకసారి. ఇక్కడ ప్రతి శుక్రవారం.

ఈ మతానికి ప్రవక్తలు లేకపోలేదు. మొదటి పేరు జాషువా స్లోకం. 1895 ఏప్రిల్‌లో బోస్టన్‌లో ఒంటరిగా బయల్దేరి, 1898 జూన్‌లో భూమిని చుట్టి తిరిగొచ్చిన తొలి మనిషి. ఉద్యోగం వదిలి సముద్రం పట్టినవాళ్లకు ఆయన ఆదిగురువట. ఆయన ఉద్యోగం వదల్లేదు మహాప్రభో, ఉద్యోగమే ఆయన్ని వదిలింది. తెరచాప ఓడల కెప్టెను. ఆవిరి ఓడలు వచ్చి ఆ కొలువులు మింగేశాయి. స్నేహితుడు ఊరికే ఇచ్చిన పాత పడవను సొంత చేతులతో బాగుచేసుకుని, డాలరుకు బేరమాడిన పగిలిన గడియారం వెంటేసుకుని వెళ్లాడు. తిరిగొచ్చి పుస్తకం రాసి, ఉపన్యాసాలు చెప్పుకుని బతికాడు. 1909లో మళ్లీ పడవెక్కాడు, తర్వాత కనబడలేదు. నిరుద్యోగి పడ్డ పాట్లను సంపన్నుడి ధ్యానంగా అమ్ముకోవడం మన కాలం చేసిన మేలు.

తర్వాతి పురాణం 1968 గోల్డెన్ గ్లోబ్ పందెం. ఎక్కడా ఆగకుండా ఒంటరిగా భూమిని చుట్టిరావాలి. బయల్దేరింది తొమ్మిది మంది, పూర్తి చేసింది ఒక్కడు, రాబిన్ నాక్స్-జాన్స్టన్. మన బొంబాయిలో టేకుతో కట్టిన సుహైలీ అనే పడవలో 312 రోజులు ప్రయాణించాడు. ఆయన వృత్తి మర్చంట్ నేవీ, అంటే సముద్రమే ఆఫీసు. వీడియోల్లో ఈయన పేరు పెద్దగా వినపడదు. వినపడేది బెర్నార్ మొయిటెసియే. గెలిచే అవకాశం ఉండగా పందెం వదిలేసి, యూరప్‌కు తిరిగి రాకుండా తాహితీ దాకా వెళ్లిపోయాడు. ఆహా, వైరాగ్యం! ఇంటి దగ్గర ఎదురుచూస్తున్న భార్యను అడిగితే ఇంకో మాట చెప్పి ఉండేదేమో, ఆమెను ఎవరూ అడగరు. ఇక అసలు తలుచుకోని పేరు డోనాల్డ్ క్రౌహర్స్ట్. చిన్న ఎలక్ట్రానిక్స్ వ్యాపారం, అది దెబ్బతింది. ఇల్లు, వ్యాపారం తాకట్టు పెట్టినంత పని చేసి పడవ కట్టించాడు. అది ఆ సముద్రాలకు సరిపోదని దారిలో తెలిసింది. వెనక్కి వస్తే దివాలా, ముందుకు వెళ్తే చావు. అట్లాంటిక్‌లోనే తిరుగుతూ లేని ప్రయాణానికి దొంగ లెక్కలు పంపాడు. 1969 జులైలో ఖాళీ పడవ దొరికింది, మనిషి దొరకలేదు. భార్య, నలుగురు పిల్లలు మిగిలారు. నాక్స్-జాన్స్టన్ తనకొచ్చిన అయిదు వేల పౌండ్ల బహుమతిని ఆ కుటుంబానికి ఇచ్చేశాడు. ఉద్యోగం ఉన్నవాడు చేయగలిగిన పని అది.

ఇప్పుడు మనవాళ్ల దగ్గరికి వద్దాం. ఈ జ్వరం డల్లాస్ తెలుగువాళ్లకూ సోకింది. అమెరికాలో హెచ్1బీ మీద ఉన్నవాడు ఉద్యోగం మానేస్తే అక్కడ ఉండటానికి దొరికే గడువు మహా అయితే 60 రోజులు. ఆ వ్యవధిలో పడవ కొనడం, నేర్చుకోవడం, దేశం దాటడం అన్నీ అవ్వాలి. గ్రీన్‌కార్డు ఉన్నవాడు ముందస్తు అనుమతి లేకుండా ఏడాదికి మించి బయట తిరిగితే కార్డుకే ఎసరు. ఇవన్నీ దాటి ఒకడు నిజంగా తెగించాడనుకోండి, ఇంటికి ఫోను చేయాలి కదా. ఆ సంభాషణ ఇలా ఉంటుంది:

"అమ్మా, ఉద్యోగం మానేస్తున్నా. పడవలో వెళ్దామనుకుంటున్నాం."

"పాపికొండలకా నాన్నా? వెళ్లిరండి, కోడలికీ కాస్త గాలి మార్పు. సోమవారానికి వచ్చేస్తారుగా?"

"పాపికొండలు కాదమ్మా. ఇక పడవలోనే ఉంటాం."

కాసేపు నిశ్శబ్దం. తర్వాత గొంతు తగ్గించి, "అప్పులేమైనా అయ్యాయేంట్రా? నాన్నగారితో చెప్పన్లే, ఎంతో చెప్పు."

"అప్పులేం లేవమ్మా, స్వేచ్ఛ కోసం."

"మరి చెల్లెలి పెళ్లిచూపుల్లో అన్నయ్య ఏం చేస్తుంటాడని అడిగితే ఏం చెప్పమంటావురా? లాంచీ సరంగు అని చెప్పనా? సరంగుకైనా నెలకింత అని జీతం ఉంటుంది కదరా!"

ప్రవచనకారులు చెప్పలేని ఆర్థికశాస్త్రం ఆ తల్లి ఒక్క ముక్కలో చెప్పింది.

మనకు సముద్రం తెలియదనా? శ్రీకాకుళం జిల్లా తీరంలోని ఊళ్లకు వెళ్లండి. అక్కడి మగవాళ్లు చేపల వేట కోసం దేశం అటు చివర గుజరాత్‌లోని వెరావల్‌కు వలసపోతారు, నెలల తరబడి బోట్లలోనే ఉంటారు. ఆకాశం కింద నిద్ర, అలల చప్పుడు, మేనేజరు కనబడకపోవడం, వీడియోల్లో చెప్పే వరాలన్నీ వాళ్లకున్నాయి. 2018 నవంబరులో వాళ్లలో కొందరు సరిహద్దు దాటారని పాకిస్థాన్ పట్టుకుంది. 20 మంది ఆంధ్రా జాలర్లు 2020 జనవరిలో వాఘా గేటు దాటి బయటపడ్డారు, ఏడాదికి పైగా చెరలో ఉన్నాక. ఆ కథ మీద 2025లో 'తండేల్' సినిమా వచ్చింది. మన తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్ల వేట నిషేధం, 61 రోజులు పని లేదు. ఆ రోజుల్లో జాలరి ఎవరూ "నేను విశ్రాంత జీవితాన్ని ఎంచుకున్నాను" అని కెమెరాకు చెప్పడు, ప్రభుత్వం ఇచ్చే భృతి ఖాతాలో పడిందా లేదా అని చూసుకుంటాడు. సముద్రం మీద బతకడమంటే ఏమిటో తెలిసినవాడు కొడుక్కి ఒడ్డున ఉద్యోగం రావాలని మొక్కుకుంటాడు. తెలియనివాడు ఒడ్డున ఉన్న ఉద్యోగం వదిలి సముద్రాన్ని మొక్కుతాడు.

మరి సాహసం వద్దా అంటారు. వద్దని ఎవరన్నారు? 2017 సెప్టెంబరు 10న గోవాలో ఐఎన్ఎస్‌వీ తారిణి అనే 55 అడుగుల తెరచాప పడవ బయల్దేరింది. అందులో ఆరుగురు ఆడవాళ్లు, నౌకాదళ అధికారులు. వాళ్లలో స్వాతి విశాఖపట్నం అమ్మాయి, ఐశ్వర్య బొడ్డపాటి హైదరాబాద్ అమ్మాయి. కేప్ హార్న్ చుట్టారు, దారిలో స్టీరింగ్ చెడితే మారిషస్‌లో ఆగి బాగుచేయించుకున్నారు, 254 రోజుల తర్వాత 2018 మే 21న తిరిగి గోవాలో దిగారు. అంతకు ముందు 2013లో అభిలాష్ టామీ ఎక్కడా ఆగకుండా ఒంటరిగా భూమిని చుట్టిన తొలి భారతీయుడయ్యాడు. అప్పుడాయన కూడా నౌకాదళంలో కొలువులోనే ఉన్నాడు. వీళ్లెవరూ రాజీనామా ఇవ్వలేదు. మీరూ నేనూ బానిసలమని ఒక్క మాట అనలేదు. పని చేశారు, వచ్చారు.

ఉద్యోగం నచ్చకపోతే మానేయండి, మనుషులు రోజూ మానేస్తూనే ఉన్నారు. పడవ మీద మోజుంటే కొనుక్కోండి, మీ డబ్బు. కానీ మీ షికారుకు అద్దె కట్టేవాణ్ణి, వీసా అక్కర్లేని పాస్‌పోర్టును, ఒడ్డున అమ్మానాన్నలను ఆస్పత్రికి తీసుకెళ్లే తమ్ముణ్ణి ఫ్రేములోంచి తప్పించి, మిగిలిన బొమ్మకు ధైర్యం అని పేరు పెట్టకండి. అది ధైర్యం కాదు, సౌకర్యం. సౌకర్యం తప్పేమీ కాదు. దాన్ని ఉపదేశంగా అమ్మడం తప్పు.

ఇక మాదాపూర్‌లో పులిహోర డబ్బా ముందు కూర్చున్న తమ్ముడికి ఒక మాట. హుస్సేన్ సాగర్‌లో సెయిలింగ్ క్లబ్బులున్నాయి, బస్తీ పిల్లలు కూడా అక్కడ తెరచాప తిప్పడం నేర్చుకుని పోటీలకు వెళ్తున్నారు. శనివారం పొద్దున వెళ్లు, నేర్చుకో. ఆ మురుగు కంపు మధ్య కూడా తెరచాప మీద ప్రేమ పుడితే అది అసలైన ప్రేమే, అప్పుడు పడవ సంగతి ఆలోచిద్దాం. దానికి శనివారం సెలవు చీటీ చాలు. రాజీనామా అక్కర్లేదు.